బేస్‌బాల్ బ్యాటింగ్ ప్రాక్టీస్‌కి ఏ సామాను కావాలి, దాన్ని ఎలా వాడాలి

బ్యాటింగ్ ప్రాక్టీస్ సీరియస్‌గా మొదలెడదాం అనుకోగానే చాలామంది చూపు నేరుగా బాల్ విసిరే పిచింగ్ మెషీన్ మీద పడుతుంది. నా మాట వినండి, మెషీన్ అన్నిటికంటే చివర్లో చూసుకోవచ్చు. ముందు కావాల్సినవి ఒక బ్యాటింగ్ టీ, బాల్‌ని ఆపడానికి ఒక నెట్, ఒక బకెట్ నిండా బాల్స్, అంతే. ఈ మూడింటితో ఒక్కరే ఉండి కూడా రోజూ కొట్టుకోవచ్చు, ఎవరూ బాల్ వెయ్యక్కర్లేదు. ఆ తర్వాత ఏ వస్తువు కొనాలన్నా ఒక్క ప్రశ్న వేసుకోండి: నా స్వింగ్ తప్పుగా వస్తే ఇది నాకు చెప్తుందా? చెప్పేదైతే పనికొస్తుంది, చెప్పకపోతే ఎంత అందంగా ఉన్నా మూలన పడుంటుంది.

టీ అంటే తెలియనివాళ్ళకి, కింద బేస్, పైన ఎత్తు మార్చుకునే ఒక రాడ్, దాని తల మీద రబ్బరు కప్పు, అందులో బాల్ కదలకుండా కూర్చుంటుంది. ఇది చిన్నపిల్లల సామాను అనుకునేవాళ్ళు ఉన్నారు కానీ అమెరికాలోని అతిపెద్ద ప్రొఫెషనల్ లీగ్ అయిన మేజర్ లీగ్ ఆటగాళ్ళు కూడా చాలామంది మ్యాచ్ ముందు టీ మీద కొడతారు, అంత అవసరమైన వస్తువు ఇది. కొనేటప్పుడు రెండే చూడండి. ఒకటి, బేస్ బరువుగా ఉందా, తేలిగ్గా ఉంటే ప్రతి నాలుగు దెబ్బలకీ పడిపోతుంది, లేపి నిలబెట్టడంతోనే సగం టైం పోతుంది, ఓపిక కూడా పోతుంది. రెండు, తల భాగం మెత్తగా వంగేలా ఉందా, గట్టి ప్లాస్టిక్ అయితే బ్యాట్ తగిలినప్పుడల్లా చేతులు జివ్వుమంటాయి, ఆ భయంతో బాల్ పై భాగాన్ని కొట్టడం అలవాటైపోతుంది. టానర్ టీ లాంటి వాటికి రబ్బరు తలని మడిచి పువ్వులా విప్పినట్టు చేస్తారు, బాల్ కింద దాదాపు ఏమీ లేనట్టే ఉంటుంది, ఆ తరహా డిజైన్ ఏ కంపెనీదైనా బాగుంటుంది. ఎత్తు మాత్రం మీ మోకాలి కింద నుంచి ఛాతీ దాకా వచ్చేలా ఉండాలి, ఎందుకంటే స్ట్రైక్ జోన్, అంటే సరైన బాల్ రావాల్సిన ప్రాంతం, మొత్తం ప్రాక్టీస్ చెయ్యాలి కదా, నడుము ఎత్తు ఒక్కటే కాదు.

ఇప్పుడు అసలు విషయం, టీని ఎక్కడ పెట్టాలి. నూటికి తొంభై మంది దీన్ని పొట్టకి ఎదురుగా పెట్టుకుని కొడతారు, దగ్గరగా సౌకర్యంగా ఉంటుంది కాబట్టి. కానీ మ్యాచ్‌లో బాల్ పొట్ట దాకా వచ్చిందంటే అప్పటికే ఆలస్యం అయిపోయినట్టు. ముందుగా ఒక రబ్బరు హోమ్ ప్లేట్, అంటే బ్యాటర్ పక్కన నిలబడి కొట్టే పలక, నేల మీద వేసుకోండి, 17 అంగుళాల వెడల్పు ఉండేది, అది లేకపోతే అట్టముక్క కోసుకున్నా పర్లేదు, కానీ ఏదో ఒకటి ఉండాలి, లేదంటే ప్రతిసారీ మీ పాదాలు వేరే చోట పడతాయి. మీరు మ్యాచ్‌లో నిలబడే చోటే నిలబడి, ముందు కాలు అడుగు వేసి ఆపండి. ప్లేట్ మధ్యలో వచ్చే బాల్ అయితే టీ ఆ ముందు పాదానికి సుమారుగా సమానంగా ఉండాలి. మీ ఒంటి వైపు వచ్చే ఇన్‌సైడ్ బాల్ అయితే ఇంకొన్ని అంగుళాలు ముందుకి, మీ వైపుకి జరపాలి. దూరంగా పోయే అవుట్‌సైడ్ బాల్ అయితే ప్లేట్ అవతలి అంచు మీదకి, కాస్త వెనక్కి. ఈ మూడు చోట్లకీ నేల మీద చాక్‌పీస్‌తో గుర్తులు పెట్టుకుంటే ప్రతిసారీ లెక్కలు వేసుకోవాల్సిన పని ఉండదు.

ఇంకోటి కూడా, టీ మీద బాల్ కదలదు కాబట్టి దాన్నే గుచ్చి చూస్తూ నిలబడటం అలవాటైపోతుంది. అలా చెయ్యకండి. ముందు పిచ్చర్, అంటే బాల్ విసిరేవాడు, ఉండే చోటుకి చూడండి, నెట్ మీద ఆ ఎత్తులో ఒక గుడ్డముక్క కట్టుకుంటే ఇంకా మంచిది, అక్కడ్నుంచి చూపుని బాల్ మీదకి తెచ్చి అప్పుడు స్వింగ్ వెయ్యండి. తల కదలకుండా చూపు మాత్రమే కదలడం అలా అలవాటవుతుంది.

కొట్టాక బాల్ నెట్‌కి ఎక్కడ తగిలిందో చూడటమే టీ ఇచ్చే అసలు సమాచారం. టీ ఎత్తులోనే లేదా కాస్త పైన, నేరుగా తగిలితే అది లైన్ డ్రైవ్, మనకి కావాల్సింది అదే. బాల్ నెట్ పై అంచుకి లేస్తుంటే కింది భాగాన్ని కొడుతున్నారు, నేలకి కొడుతుంటే పై భాగాన్ని. బాల్ కంటే ముందు టీ రబ్బరు తగులుతుంటే చాలావరకు వెనక భుజం కిందకి వాలిపోతోంది అని అర్థం. నడుము ఎత్తు టీకి బాల్ ఎప్పుడూ ఒకే పక్కకి, మీరు నిలబడ్డ వైపుకే లాగినట్టు పోతుంటే చేతులు ఒంటికి దూరంగా ముందే తెరుచుకుంటున్నాయి. దీనికి నాకు బాగా నచ్చిన మందు రెండు టీల డ్రిల్: ఒకే ఎత్తులో, ఒకదాని ముందు ఒకటి, మధ్య ఓ అడుగు దూరంతో రెండు టీలు పెట్టి, వెనక బాల్‌ని కొట్టి అది ముందు బాల్‌కి తగిలేలా చూడాలి. చూడటానికి ఆటలా ఉంటుంది కానీ బ్యాట్ ఎంతసేపు బాల్ వచ్చే దారిలో ఉంటోందో ఇంత సూటిగా చెప్పేది ఇంకోటి లేదు.

నెట్ విషయానికి వస్తే, ఒక్కరే టీ మీద కొట్టుకోవడానికి 7 అడుగుల వెడల్పు 7 అడుగుల ఎత్తు ఉండే మడత నెట్ చాలు. టీకి నెట్‌కి మధ్య కొన్ని అడుగులు దూరం ఉంచండి, మరీ దగ్గరైతే బాల్ ఎటు పోయేదో తెలీదు, మరీ దూరమైతే పక్కకి తప్పిపోతుంది. చుట్టూ నెట్‌తో పెద్ద కేజ్ కట్టుకునేవాళ్ళు మాత్రం దారం నంబర్ చూడాలి, 21, 36, 42 అని ఉంటాయి, నంబర్ పెరిగేకొద్దీ దారం మందం. పిల్లలు వాడేదానికి 21 నడుస్తుంది, పెద్దవాళ్ళు గట్టిగా కొట్టేదానికి 36 లేదా 42 తీసుకోవాలి. నైలాన్ నెట్ బలంగా ఉంటుంది కానీ నీళ్ళు పీలుస్తుంది, ఎండావానల్లో వదిలేస్తే త్వరగా పాడవుతుంది, బయట శాశ్వతంగా ఉంచేదైతే పాలిథిలిన్ నెట్ నయం. కట్టేటప్పుడు డోలు చర్మంలా బిగించేయకండి, బిగిస్తే బాల్ అదే వేగంతో వెనక్కి మీ మొహం మీదకి వస్తుంది, కొంచెం వదులుగా ఉండి కింద నేల మీద కాస్త నెట్ మిగిలి ఉండాలి. చిన్న చిరుగు కనపడితే ఆ రోజే కుట్టేయండి, బాల్ సరిగ్గా ఆ చిరుగు దగ్గరకే వెళ్తుంది, అదేంటో గానీ.

బాల్స్‌లో చాలా రకాలు ఉన్నాయి. అసలు మ్యాచ్ బాల్ 5 నుంచి 5.25 ఔన్సుల బరువు, చుట్టుకొలత 9 నుంచి 9.25 అంగుళాలు, టీకి వాడేవి కూడా ఈ సైజులోనే ఉంటే చేతికి ఆ దెబ్బ అలవాటవుతుంది. తోలు బాల్స్ తడిస్తే బరువెక్కి పాడవుతాయి, తడి గడ్డి మీద అయితే సింథటిక్ కవర్ ఉన్నవి వాడండి. చోటు తక్కువున్నవాళ్ళకి చిల్లుల ప్లాస్టిక్ బాల్స్ వరం లాంటివి, విఫిల్ బాల్ అని 1953లో అమెరికాలోని కనెక్టికట్‌లో డేవిడ్ ముల్లనీ అనే ఆయన తన కొడుకు కోసం తయారుచేశాడు, పిల్లాడు చెయ్యి నొప్పి పెట్టుకోకుండా వంకర తిరిగే కర్వ్ బాల్ వెయ్యాలని. ఇప్పుడు గోల్ఫ్ బాల్ సైజు చిల్లుల బాల్స్ కూడా దొరుకుతున్నాయి, వాటిని సన్నటి ప్రాక్టీస్ కర్రతో కొడితే బాల్‌ని చివరి దాకా చూడటం తప్పనిసరి అవుతుంది, చూడకపోతే తగలదు, అంతే. జపాన్‌లో 868 హోమ్ రన్లు కొట్టిన సదహారు ఓ అనే ఆటగాడైతే పైనుంచి వేలాడదీసిన కాగితాన్ని జపనీస్ కత్తితో కోస్తూ స్వింగ్ సాధన చేశాడు, అంచు కాస్త వంకర పోయినా కాగితం తెగదు. కత్తులు మనకొద్దు గానీ, చిన్న లక్ష్యం పెట్టుకుంటే తప్పు దాచుకోలేం అన్న లాజిక్ మాత్రం సన్న కర్ర, చిన్న బాల్ దగ్గర కూడా అదే.

ఇక బ్యాట్. మ్యాచ్‌లో ఏ బ్యాట్‌తో ఆడతారో ప్రాక్టీస్‌లో ఎక్కువ భాగం అదే పొడవు, అదే బరువుతో కొట్టాలి, ఇది గట్టిగా చెప్తున్నా. బ్యాట్ల మీద డ్రాప్ అని ఒక నంబర్ ఉంటుంది, బరువు ఔన్సుల్లోంచి పొడవు అంగుళాలు తీసేస్తే వచ్చేది, 33 అంగుళాల బ్యాట్ 30 ఔన్సులు ఉంటే మైనస్ 3. అమెరికా హైస్కూల్, కాలేజీ ఆటలో లోహం, కాంపోజిట్ (కార్బన్ ఫైబర్ లాంటి పీచుతో చేసిన) బ్యాట్లకి బీబీకోర్ అని, బాల్ బ్యాట్ నుంచి ఎంత గట్టిగా ఎగరొచ్చో హద్దు పెట్టే ప్రమాణం ఉంటుంది, కాలేజీల్లో 2011 నుంచి, హైస్కూళ్ళలో 2012 నుంచి, అందులో మైనస్ 3 కంటే తేలికైనది కుదరదు. చిన్నపిల్లల లీగుల్లో చాలా చోట్ల 2018 నుంచి యూఎస్ఏ బేస్‌బాల్ ముద్ర ఉన్న బ్యాటే వాడాలి. కాబట్టి కొనేముందు మీ లీగ్ ఏ ముద్ర ఒప్పుకుంటుందో చూసుకోండి, తర్వాత ఆ బ్యాట్ పట్టుకుని చెయ్యి పక్కకి చాపి కాసేపు నిలబెట్టండి, బ్యాట్ చివర కిందకి వాలిపోతూ ఉంటే అది మీకు బరువెక్కువ. పిల్లాడు ఎదుగుతాడులే అని పెద్ద బ్యాట్ కొనేవాళ్ళకి నా విన్నపం, దయచేసి వద్దు, బరువు లాగలేక స్వింగ్ మొత్తం వంకర నేర్చుకుంటాడు, తర్వాత సరిచెయ్యడం చాలా కష్టం.

వీలైతే ప్రాక్టీస్‌కి ఒక చెక్క బ్యాట్ కూడా పెట్టుకోండి. లోహపు బ్యాట్ సరిగ్గా తగలకపోయినా బాల్‌ని కొంచెం దూరం పంపించి మిమ్మల్ని మభ్యపెడుతుంది, చెక్క బ్యాట్ అలా చెయ్యదు, చివర నుంచి సుమారు 5 నుంచి 7 అంగుళాల మధ్య ఉండే ఆ మంచి చోట తగిలితే హాయిగా ఉంటుంది, హ్యాండిల్ దగ్గర తగిలితే వేళ్ళు మంట పుడతాయి, వెంటనే తెలిసిపోతుంది. యాష్ చెక్కైనా మేపుల్ చెక్కైనా కంపెనీ లేబుల్ పైకి గానీ కిందకి గానీ ఉండేలా పట్టుకోవాలి, లేబుల్ మీద బాల్ తగిలేలా కొడితే బ్యాట్ విరుగుతుంది.

టీ మీద స్వింగ్ కుదురుకున్నాక కదిలే బాల్‌కి వెళ్ళాలి, దానికి ఒక మనిషి తోడు కావాలి. సాఫ్ట్ టాస్‌లో అవతలి మనిషి మీకు ఎదురుగా కాకుండా ముందు పక్కగా, ఏటవాలుగా మోకాలి మీద కూర్చుని బాల్‌ని కింద నుంచి మెల్లగా మీ ముందు వైపుకి వేస్తారు. బాల్ వేసేవాళ్ళు బ్యాట్ అందే దూరంలో అస్సలు ఉండకూడదు, దెబ్బ తగిలే దిశలో కూడా ఉండకూడదు. దీనికంటే నాకు ఎదురు నుంచి మెల్లగా వేసే ఫ్రంట్ టాస్ ఇష్టం, ఎందుకంటే బాల్ అసలు పిచ్చర్ వైపు నుంచే వస్తుంది, కానీ దానికి ఎల్ స్క్రీన్ లేకుండా ఒక్క బాల్ కూడా వెయ్యొద్దు. ఎల్ స్క్రీన్ అంటే ఒక పై మూల కోసేసిన ఫ్రేమ్‌కి నెట్ బిగించినది, ఆ ఖాళీలోంచి చెయ్యి బయటపెట్టి బాల్ వేసి వెంటనే పూర్తి ఎత్తున్న వైపు వెనక్కి జరిగిపోవాలి. కుడిచేత్తో వేసేవాళ్ళకి ఆ ఖాళీ వాళ్ళ కుడి వైపున ఉండాలి, చాలామంది ఇది తిప్పి పెట్టుకుంటారు. బాల్ వేశాక ఎటు పోయిందా అని తల బయటపెట్టి చూసే అలవాటు చాలా ప్రమాదం, బాల్ మీ చూపు కంటే ముందే వస్తుంది.

సరే, మెషీన్. మనిషి చెయ్యి అలిసిపోకుండా బాల్ వేసేది కావాలన్న ఆశ చాలా పాతది, 1897లోనే ప్రిన్స్‌టన్‌లో లెక్కలు చెప్పే చార్లెస్ హింటన్ తుపాకిమందుతో బాల్‌ని విసిరే యంత్రం చేశాడు. ఇప్పుడు ఉన్నవి ముఖ్యంగా రెండు రకాలు. చేతిలా తిరిగి విసిరేవి, ఐరన్ మైక్ అని పిలిచే తరహా, వీటిలో చెయ్యి పైకి లేవడం కనిపిస్తుంది కాబట్టి టైమింగ్‌కి మంచివి. రెండోది చక్రాల మెషీన్, తిరిగే రబ్బరు చక్రాల మధ్య బాల్ నలిగి బయటికి దూసుకొస్తుంది. పైన ఒకటి కింద ఒకటి ఉండే రెండు చక్రాల మెషీన్‌లో కింది చక్రం వేగంగా తిరిగితే బాల్ వెనక్కి తిరుగుతూ ఫాస్ట్ బాల్‌లా వస్తుంది, పై చక్రం వేగం పెంచితే ముందుకి తిరుగుతూ కర్వ్ బాల్‌లా కిందకి పడుతుంది. ఒకే చక్రం ఉన్నది చవకగా, తేలిగ్గా ఉంటుంది కానీ కర్వ్ అంత బాగా రాదు.

మెషీన్ మీద వేగం నంబర్ చూసి భయపడటం, గర్వపడటం రెండూ అనవసరం. బ్యాటర్‌కి దొరికే టైం ఎంత అన్నదే లెక్క. మేజర్ లీగ్‌లో పిచ్చర్ కాలు ఆనించే పిచింగ్ రబ్బర్ నుంచి ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు, కానీ పిచ్చర్ అడుగు ముందుకేసి వదులుతాడు కాబట్టి నిజంగా బాల్ ప్రయాణించేది సుమారు 55 అడుగులు, గంటకి 90 మైళ్ళ బాల్ ఆ దూరం దాదాపు 0.42 సెకన్లలో వచ్చేస్తుంది. ఇప్పుడు మీ మెషీన్‌ని 30 అడుగుల దూరంలో పెట్టి 50 మైళ్ళ వేగంతో వేస్తే అది కూడా దాదాపు 0.41 సెకన్లే. అంటే చిన్న కేజ్, చిన్న మెషీన్‌తోనే పెద్ద వేగానికి కావాల్సిన టైమింగ్ నేర్చుకోవచ్చు. లెక్క సింపుల్: మైళ్ళ వేగాన్ని 1.47తో గుణిస్తే సెకనుకి ఎన్ని అడుగులో వస్తుంది, దూరాన్ని దాంతో భాగించండి. మీ లీగ్‌లో వచ్చే బాల్ టైం ఎంతో తెలుసుకుని మెషీన్‌ని దానికి కుదర్చండి, మొదట కాస్త నెమ్మదిగా పెట్టి, లైన్ డ్రైవ్‌లు వరసగా వస్తుంటే అప్పుడు పెంచండి.

మెషీన్‌తో ఉన్న పెద్ద లోపం, బాల్ ఎప్పుడొస్తుందో తెలియకపోవడం, చక్రాల మెషీన్‌లో అయితే మరీను. అందుకని బాల్ పెట్టే మనిషి బాల్‌ని పైకెత్తి బ్యాటర్‌కి చూపించి, ప్రతిసారీ ఒకే తీరులో చెయ్యి దించి లోపల వెయ్యాలి, ఆ చెయ్యి దిగుతుండగా బ్యాటర్ బరువు వెనక కాలి మీదకి తీసుకుంటాడు. ఇంకో పెద్ద జాగ్రత్త, కొత్త బాల్స్ అరిగిన బాల్స్ కలిపి వెయ్యొద్దు, తడి బాల్స్ అసలే వద్దు, ఒకటి పైకి ఒకటి ఒంటి మీదకి వస్తుంది. మెషీన్ల కోసం గుంటలు గుంటలుగా ఉండే ప్రత్యేకమైన బాల్స్ ఉంటాయి, అవి ఒకేలా వస్తాయి, కాకపోతే గట్టివి, ఖరీదైన కాంపోజిట్ బ్యాట్‌తో వాటిని కొడితే పగుళ్ళు రావచ్చు, అక్కడ పాత లోహపు బ్యాట్ వాడుకోండి. వేగం, కోణం మార్చాలన్నా, ఇరుక్కున్న బాల్ తియ్యాలన్నా ముందు ప్లగ్ పీకి చక్రాలు పూర్తిగా ఆగేదాకా ఆగాలి. మెషీన్ నడిపే మనిషికి కూడా ముందు స్క్రీన్ ఉండాల్సిందే.

బ్యాట్‌కి తగిలించే బరువు రింగు, డోనట్ అంటారు, దాని గురించి చాలామంది అడుగుతారు. తీసేశాక బ్యాట్ తేలిగ్గా అనిపిస్తుంది నిజమే, కానీ అనిపించడం వేరు, స్వింగ్ వేగం నిజంగా పెరగడం వేరు, వెంటనే వేసిన స్వింగ్ ఇంకా నెమ్మదించే అవకాశం కూడా ఉంది. నేనైతే దాని మీద డబ్బు పెట్టను. ఇసుక నింపినట్టుండే బరువు బాల్స్ మాత్రం టీ మీద కొన్ని స్వింగులకి మంచివే, బ్యాట్ బాల్‌ని తాకాక కూడా ఆగకుండా తోసుకుంటూ పోవడం నేర్పిస్తాయి, కాంపోజిట్ బ్యాట్‌తో కాకుండా చూసుకోండి.

బ్యాట్ కింద చివర గుండ్రంగా ఉండే నాబ్‌కి పెట్టుకునే సెన్సార్లు, బ్లాస్ట్ మోషన్ లాంటివి, బ్యాట్ వేగం, బ్యాట్ లేచే కోణం, బాల్ దాకా పట్టిన టైం ఫోన్‌లో చూపిస్తాయి. మేజర్ లీగ్ వాళ్ళు 2024 నుంచి ఆటగాళ్ళ బ్యాట్ వేగం లెక్కలు అందరికీ చూసేలా పెట్టారు, అక్కడ సగటు గంటకి 72 మైళ్ళ దగ్గర ఉంటుంది, 75 దాటితే వేగమైన స్వింగ్ కింద లెక్క. ఆ నంబర్లతో పోల్చుకుని కంగారు పడకండి, నెల కిందటి మీ నంబర్‌తో పోల్చుకోండి. సెన్సార్ లేకపోయినా ఫోన్ స్లో మోషన్ చాలు, ఒకటి ఛాతీ కనిపించేలా ఎదురు పక్క నుంచి, ఇంకోటి వెనక నుంచి, ఎప్పుడూ ఒకే చోట, ఒకే ఎత్తులో స్టాండ్ పెట్టి తియ్యండి. టోనీ గ్విన్ అనే బ్యాటర్ మేజర్ లీగ్‌లో శాన్ డియేగో పాడ్రేస్ జట్టుకి ఆడుతూ 1983 నుంచే టేపుల్లో తన బ్యాటింగ్ చూసుకుని సరిచేసుకునేవాడు, 8 సార్లు లీగ్‌లో అత్యధిక బ్యాటింగ్ సగటుకి ఇచ్చే బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు, కెరీర్ సగటు .338. ఆయన దగ్గరున్న సామాను కంటే మన జేబులో ఉన్నది ఎన్నో రెట్లు మెరుగు, వాడటమే తరువాయి.

హెల్మెట్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, కదిలే బాల్ ఉన్నచోట తలమీద ఉండాల్సిందే, పిల్లలకి రెండు చెవులూ కప్పేది. గ్లోవ్స్ చేతికి అతుక్కున్నట్టు ఉండాలి, వేళ్ళ చివర ఖాళీ మిగిలితే పట్టు జారుతుంది.

రోజువారీ వరస ఇలా పెట్టుకోండి: ముందు టీ మీద మూడు చోట్లా కొన్ని కొన్ని, తర్వాత ఫ్రంట్ టాస్, ఒంట్లో ఓపిక ఉంటే మెషీన్. ఎక్కువ స్వింగులు వెయ్యడం కాదు, పదిసార్లు కొట్టి ఆగి, బాల్స్ ఏరుకుంటూ నెట్‌కి ఎక్కడెక్కడ తగిలాయో గుర్తు చేసుకుని, మళ్ళీ పది. చేతులు అలిసిపోయి బ్యాట్ చివర కిందకి జారుతోందంటే ఆ రోజుకి ఆపెయ్యండి, ఆ తర్వాత వేసే ప్రతి స్వింగూ తప్పునే అలవాటు చేస్తుంది. కొత్త కాంపోజిట్ బ్యాట్ అయితే మొదట్లో మామూలు తోలు బాల్స్‌తో, ప్రతి దెబ్బకీ బ్యాట్‌ని కొంచెం తిప్పుకుంటూ నెమ్మదిగా మొదలెట్టండి, బాగా చలిగా ఉన్నరోజు దాన్ని బయటికి తియ్యకండి, పగులుతుంది. బాల్స్ ఆరబెట్టి బకెట్‌లో వెయ్యండి, మెషీన్ చక్రాల మీద బాల్ తోలు పొడి పేరుకుంటుంది, కొట్టడం అయ్యాక తుడిచేస్తే మర్నాడు బాల్ అనుకున్న చోటుకే వస్తుంది.